64 కోర్లిచ్చినా ప్రోగ్రామ్ పరిగెత్తకపోతే ఏ బొమ్మ చూడాలి: ఫ్లేమ్ గ్రాఫా, టైమ్‌లైనా?

ఒక కోర్ మీద గంట పట్టే ప్రోగ్రామ్ 64 కోర్ల మీద నిమిషంలో అయిపోతుందనుకుంటాం, తీరా చూస్తే ఆరు నిమిషాలు పడుతుంది. ఇక్కడిదాకా వచ్చాక చాలామంది చేసే పని ఒకటే. ఏదో ఒక ప్రొఫైలర్ (ఏ ఫంక్షన్‌కి ఎంత టైమ్ పోయిందో కొలిచే టూల్) పెట్టి, అది గీసిన బొమ్మలో అన్నిటికంటే పెద్దగా కనిపించిన ఫంక్షన్ మీద పడతారు. నేనూ అదే చేశాను, రెండు వారాలు పోయాయి.

అది నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సిమ్యులేషన్ కోడ్, ఎంపీఐతో (ప్రాసెస్‌లు ఒకదానికొకటి మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) 64 ప్రాసెస్‌లు. ప్రొఫైల్‌లో, అన్ని ప్రాసెస్‌ల అంకెల్నీ కలిపి ఫలితాన్ని అందరికీ ఇచ్చే ఆల్‌రెడ్యూస్ అనే కాల్ దాదాపు 40 శాతం టైమ్ తినేస్తున్నట్టు కనిపించింది. ఇంకేముంది, నెట్‌వర్క్ స్లో అని తీర్మానించేసుకుని ఎంపీఐ సెట్టింగులు మార్చడం, ఆ కాల్స్ తగ్గించడం, ప్రాసెస్‌లను నోడ్ల (క్లస్టర్‌లోని ఒక్కో మెషీన్) మీద అటూ ఇటూ సర్దడం, ఇవన్నీ చేశాం, ఏమీ మారలేదు. చివరికి ఒకరోజు ట్రేస్ (ఏ ప్రాసెస్ ఏ క్షణంలో ఏం చేసిందో రాసుకున్న రికార్డు) తీసి టైమ్‌లైన్ తెరిచాం. అందులో ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కో వరుస, ఎడమ నుంచి కుడికి టైమ్. ప్రతి స్టెప్పులోనూ 63 వరుసలు ఎర్రగా ఆగి ఉన్నాయి, ఒక్క సున్నా నంబర్ వరుస మాత్రం పచ్చగా నడుస్తోంది. ఆ ప్రాసెస్ ప్రతి స్టెప్పుకీ ఒక చిన్న ఫైల్ తెరిచి, నాలుగు అంకెలు రాసి, మూసేస్తోంది. మిగతా 63 మందీ ఆల్‌రెడ్యూస్ దగ్గర దానికోసం కూర్చున్నారు. సరిచేయడానికి పది లైన్లు సరిపోయాయి.

పెళ్లి భోజనాల్లో బంతి గుర్తుందిగా, చివరివాళ్లు తినేదాకా మిగతావాళ్లు చెయ్యి కడుక్కోవడానికి లేవరు. వాచీ పెట్టుకుని ఎవరు ఎంతసేపు కూర్చున్నారో కొలిస్తే అందరిదీ ఒకే టైమ్ వస్తుంది. నెమ్మదిగా తిన్నది ఎవరో ఆ లెక్కలో దొరకదు. బ్యారియర్లు (అందరూ వచ్చేదాకా ఆగే చోట్లు), ఆల్‌రెడ్యూస్‌లు, రిసీవ్‌లు (మెసేజ్ వచ్చేదాకా ఆగడం) అన్నీ ఇలాంటి బంతులే. ప్యారలల్ ప్రోగ్రామ్‌లో పోయిన టైమ్ తప్పు చేసినవాడి ఖాతాలో పడదు, వాడికోసం ఎదురుచూసినవాడి ఖాతాలో పడుతుంది. అందుకే టూల్ ఎంచుకునేముందు ధర, పేరు, బొమ్మ అందం వీటన్నిటికంటే ముందు నేను అడిగేది ఒకటే: ఈ బొమ్మ నాకు ఎదురుచూసినవాడిని చూపిస్తుందా, ఎదురుచూపించినవాడిని చూపిస్తుందా?

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం, కాగితం మీద లెక్కేసుకోవచ్చు. వెయ్యి వరుసలున్న లూప్, మొదటి వరుసలో ఒక లెక్క, రెండో వరుసలో రెండు, అలా వెయ్యో వరుసలో వెయ్యి. జతల మధ్య దూరాలు కట్టే కోడ్‌లన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఒక కోర్ మీద ఇది 16 సెకన్లు పడుతుందనుకోండి. దీన్ని ఓపెన్‌ఎంపీతో (లూప్ పనిని ఒకే ప్రోగ్రామ్ లోపలి థ్రెడ్లకి పంచే పద్ధతి) నాలుగు థ్రెడ్లకి పంచితే, మామూలు స్టాటిక్ పంపకంలో ఒక్కోదానికి వరసగా 250 వరుసలు వస్తాయి. చూడ్డానికి సమానమే, కానీ పని మాత్రం 1, 3, 5, 7 నిష్పత్తిలో పడుతుంది. అంటే మొదటి థ్రెడ్ ఒక్క సెకనులో ముగించుకుని ఖాళీగా నిలబడుతుంది, నాలుగోది 7 సెకన్లు లాగుతుంది. 4 సెకన్లలో అవ్వాల్సింది 7 సెకన్లలో అయింది.

ఫ్లేమ్ గ్రాఫ్ అంటే, ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్‌లో ఉందో సెకనుకి ఎన్నోసార్లు చూసి (ఒక్కో చూపు ఒక శాంపిల్), ఎక్కువసార్లు దొరికిన ఫంక్షన్‌కి ఎక్కువ వెడల్పు డబ్బా గీసే బొమ్మ. ఇప్పుడు దీనికి అది గీస్తే ఏం కనిపిస్తుంది? నాలుగు థ్రెడ్లు ఏడేసి సెకన్లు, మొత్తం 28. అందులో పని 16, ఎదురుచూపు 12. అంటే 57 శాతం వెడల్పున మీ ఫంక్షన్, 43 శాతం వెడల్పున బ్యారియర్ దగ్గర ఆగే లైబ్రరీ ఫంక్షన్. ఏదో తేడా ఉందని తెలుస్తుంది, కానీ పంపకం తప్పా, లాక్ దగ్గర తోపులాటా, ఇంకేదైనానా అన్నది తెలియదు. పైగా ఈ 43 శాతం కూడా థ్రెడ్లు ఖాళీగా తిరుగుతూ ఎదురుచూస్తేనే కనిపిస్తుంది. ఓపెన్‌ఎంపీ వెయిట్ పాలసీ (ఖాళీ థ్రెడ్ ఎలా ఎదురుచూడాలో చెప్పే సెట్టింగ్) పాసివ్‌గా పెట్టి ఉండి ఆ థ్రెడ్లు నిద్రపోతే, నిద్రపోయే థ్రెడ్ సీపీయూ మీద ఉండదు కాబట్టి శాంపిల్ పడదు, బొమ్మలో దాదాపు మొత్తం మీ ఫంక్షనే కనిపిస్తుంది, అంతా బ్రహ్మాండంగా ఉందన్నట్టు. ఇది చాలామందిని ముంచుతుంది.

అదే టైమ్‌లైన్‌లో అయితే నాలుగు వరుసలు, ఒకదానికంటే ఒకటి పొడుగ్గా, మెట్ల మాదిరి. ఆ మెట్లు చూడగానే షెడ్యూల్‌ని డైనమిక్ (ఖాళీ అయినవాడికి తర్వాతి పని) చేయాలనో, వరుసల్ని ఒకటి నీకు ఒకటి నాకు అన్నట్టు పంచాలనో చేతికి తెలిసిపోతుంది, బుర్ర దాకా వెళ్లక్కర్లేదు.

అలాగని ఫ్లేమ్ గ్రాఫ్ పనికిరాదని కాదు. బ్రెండన్ గ్రెగ్ 2011లో తయారుచేసిన ఈ బొమ్మ, లినక్స్‌లోని పెర్ఫ్ అనే ప్రొఫైలర్‌తో కలిపితే ఖర్చు లేకుండా, ప్రోగ్రామ్‌ని పెద్దగా నెమ్మది చేయకుండా, ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఒక థ్రెడ్ లోపల టైమ్ ఎక్కడికి పోతోందో చెప్పడంలో దీనికి సాటి లేదు. నేను ఇప్పటికీ మొదట తీసేది ఇదే. కానీ దాన్ని చదివేటప్పుడు ఎడమ నుంచి కుడికి టైమ్ నడుస్తోందని అనుకోవద్దు. పక్కపక్కన ఉన్న డబ్బాలు అక్షరక్రమంలో పేర్చి ఉంటాయి, వెడల్పు అంటే ఎన్ని శాంపిళ్లు పడ్డాయన్నదే, రంగుకి సాధారణంగా అర్థమేమీ ఉండదు. నిద్రపోయే థ్రెడ్లు కావాలంటే ఆఫ్-సీపీయూ ఫ్లేమ్ గ్రాఫ్ అని వేరేగా ఉంది, అది తీయడానికి మాత్రం ఎక్కువ అనుమతులు కావాలి. యూనివర్సిటీ క్లస్టర్ల మీద మామూలు పెర్ఫ్‌నే అడ్మిన్లు ఆపేసి ఉండొచ్చు, ముందే కనుక్కోండి.

ఒక్క మెషీన్, అందులో ఇంటెల్ ప్రాసెసర్, ఓపెన్‌ఎంపీ లేదా మామూలు థ్రెడ్లు అయితే ఇంటెల్ వాళ్లదే వీట్యూన్ అనే ప్రొఫైలర్ చూడండి. ఇప్పుడు ఉచితమే. సారాంశమూ ఇస్తుంది, థ్రెడ్ల టైమ్‌లైనూ ఇస్తుంది, ఎదురుచూపుల లెక్క వేరుగా చూపిస్తుంది. మెమరీ బ్యాండ్‌విడ్త్ నిండిపోయిందా లేదా అన్నది ఇందులో తెలిసినంత తేలిగ్గా వేరేచోట తెలియదు. ఏఎండీ ప్రాసెసర్ మీద దీని హార్డ్‌వేర్ కౌంటర్లు పనిచేయవు, అక్కడ వాళ్లదే యూప్రాఫ్ ఉంది.

ఇక అసలు పోటీ నోడ్లు దాటిన ఎంపీఐ ప్రోగ్రామ్‌ల దగ్గర. ఇక్కడ టైమ్‌లైన్ కావాలంటే ప్రధానంగా రెండు దారులు, వ్యాంపిర్, పారావర్. రెంటినీ వాడాను, రెండూ బాగున్నాయి, కానీ వాటి స్వభావాలు వేరు.

వ్యాంపిర్ జర్మనీలో డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లది. లైసెన్స్ కొనాలి. కానీ దానికి ట్రేస్ తీసిచ్చే స్కోర్-పీ మాత్రం ఓపెన్ సోర్స్. తెరిస్తే మొదటిరోజే అర్థమవుతుంది: మీ కోడ్ పచ్చగా, ఎంపీఐ ఎర్రగా, మెసేజ్‌లు ఒక వరుస నుంచి ఇంకో వరుసకి నల్లగీతలుగా. మ్యాప్‌లో జూమ్ చేసినంత సులువు. టీమ్‌లో కొత్తవాళ్లు ఉంటే, ప్రొఫెసర్‌కో మేనేజర్‌కో చూపించి ఒప్పించాల్సి ఉంటే, లైసెన్స్ మీ సంస్థలో ఇప్పటికే ఉంటే, నేను రెండో ఆలోచన లేకుండా ఇదే చెబుతాను. అన్నట్టు ఎరుపు, పచ్చ తేడా కనిపించనివాళ్లు మన మధ్యనే చాలామంది ఉన్నారు, మీటింగ్‌లో పెట్టేముందు ఆ రంగులు మార్చండి, సెట్టింగుల్లో కుదురుతుంది. మా టీమ్‌లో ఒకాయన నెలలపాటు ఈ బొమ్మలు చూస్తూ తల ఊపాడు తప్ప, తనకి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయని చెప్పలేదు.

స్కోర్-పీతో ఇబ్బంది ఎక్కడంటే, కోడ్ మళ్లీ కంపైల్ చేయాలి, కంపైలర్ పేరు ముందు దాన్ని తగిలించి. అలా చేసినప్పుడు మామూలుగా ప్రతి ఫంక్షన్ మొదట్లో, చివర్లో కొలత కూర్చుంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో లక్షలసార్లు పిలిచే చిన్న చిన్న ఫంక్షన్లుంటే ఇక చెప్పక్కర్లేదు, ప్రోగ్రామ్ ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది, అప్పుడు మీరు చూసే బొమ్మ మీ ప్రోగ్రామ్‌ది కాదు, కొలతది. కాబట్టి ముందు ట్రేస్ లేకుండా ప్రొఫైల్ మాత్రం తీసి, ఏ ఫంక్షన్ వల్ల ట్రేస్ ఎంత ఉబ్బుతుందో స్కోర్-పీతో వచ్చే అంచనా టూల్‌లో చూసి, ఆ చిన్నవాటిని ఫిల్టర్ ఫైల్‌లో రాసి, అప్పుడు ట్రేస్ తీయండి. ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత టూల్‌ని తిడతారు.

పారావర్ స్పెయిన్‌లోని బార్సిలోనా సూపర్‌కంప్యూటింగ్ సెంటర్ వాళ్లది. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. ట్రేస్ తీసే ఎక్స్‌ట్రే చాలావరకు మళ్లీ కంపైల్ చేయకుండానే, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు లైబ్రరీని ముందుగా లోడ్ చేసి పని కానిచ్చేస్తుంది. సోర్స్ కోడ్ మీ చేతిలో లేనప్పుడు, లేదా ఆ బిల్డ్ సిస్టమ్‌ని ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉన్నప్పుడు ఇది వరం. కానీ పారావర్ తెరిచిన మొదటిరోజు మాత్రం ఏమీ అర్థం కాదు. ఏ రంగు దేన్ని సూచిస్తుందో ముందే రాసిపెట్టి ఉండదు, మీరు ఎంచుకున్న కాన్ఫిగరేషన్ ఫైల్‌ని బట్టి అదే ట్రేస్ ఒకసారి ఎంపీఐ కాల్స్‌ని చూపిస్తుంది, ఒకసారి ఒక్కో సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయో చూపిస్తుంది, ఒకసారి మెసేజ్ సైజుల్ని. ఓపిక పట్టి వారం నేర్చుకుంటే, మీకు వచ్చిన ఏ ప్రశ్ననైనా ఆ ట్రేస్‌నే అడగగలుగుతారు. పని సమానంగానే పంచినా ఒక ప్రాసెస్ ఎందుకు వెనకబడిందని అడిగితే, ఇన్‌స్ట్రక్షన్లు అందరివీ ఒకటే, కానీ ఆ ప్రాసెస్‌లో సైకిల్‌కి నడిచేవి తక్కువ, అంటే క్యాష్‌లోనో మెమరీలోనో ఉంది తేడా అని హిస్టోగ్రామ్‌లో చూపించే లోతు దీనిది. నా మటుకు నాకు, ఒంటరిగా కూర్చుని తవ్వాల్సివస్తే పారావరే.

రెంటిలో దేన్ని వాడినా పిక్సెల్ గురించి తెలిసి ఉండాలి. పది నిమిషాల రన్‌ని 1900 పిక్సెళ్ల వెడల్పు స్క్రీన్ మీద పరిస్తే ఒక్కో పిక్సెల్‌లోకి దాదాపు 0.3 సెకను వచ్చి పడుతుంది. 5 మిల్లీసెకన్ల ఆగుడు అందులో కలిసిపోతుంది, అలాంటివి ఒక పిక్సెల్‌లో ఇరవై ఉన్నా మీకు తెలియదు. ఆ పిక్సెల్‌కి ఏ రంగు వేయాలో టూల్ ఏదో ఒక నియమం ప్రకారం తేల్చుకుంటుంది. పారావర్‌లో ఆ నియమం మీరే మార్చుకోవచ్చు, అన్నిటికంటే పెద్ద విలువ చూపించమనొచ్చు, ఏదో ఒకటి యాదృచ్ఛికంగా తీయమనొచ్చు. నియమం మారిస్తే బొమ్మ మొత్తం మారిపోవడం ఒక్కసారి కళ్లారా చూడండి, ఆ తర్వాత జూమ్ చేయకుండా ఏ నిర్ణయానికీ రారు. అలాగే ఏ మెసేజ్ గీతైనా వెనక్కి వాలి ఉంటే, పంపకముందే చేరినట్టు కనిపిస్తే, అది మీ బగ్ కాదు, రెండు నోడ్ల గడియారాలు కలవలేదంతే.

ట్రేస్ సైజు కూడా ముందే లెక్కేసుకోండి. ఒక్కో ప్రాసెస్ సెకనుకి లక్ష ఈవెంట్లు రాస్తే, ఒక్కోటి 20 బైట్లనుకుంటే సెకనుకి 2 ఎంబీ. 512 ప్రాసెస్‌లు, పది నిమిషాలు అంటే 600 జీబీ దాటుతుంది. హోమ్ డైరెక్టరీ కోటా నిండి, ఆ జాబ్‌తోపాటు అక్కడే రిజల్ట్స్ రాస్తున్న మీ మిగతా జాబులు కూడా పడిపోతాయి. ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవా లాంటి, అందరూ పంచుకునే మెషీన్ల మీద పనిచేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పది స్టెప్పులు చాలు, మొదటి ఒకటి రెండు వదిలేసి మధ్యలో తీయండి, సిమ్యులేషన్ కోడ్‌లు చాలావరకు చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తాయి.

అంత ట్రేస్ కళ్లతో వెతకడం కుదరనప్పుడు, అంటే వందల, వేల ప్రాసెస్‌లు ఉన్నప్పుడు, స్కలాస్కా వైపు వెళ్లండి. ఇది జర్మనీలోని యూలిష్ పరిశోధనా కేంద్రంలో పెరిగిన టూల్, స్కోర్-పీ ట్రేస్‌నే తీసుకుంటుంది. తేడా ఏంటంటే ఎదురుచూపుల్ని అదే వెతికి పేరు పెట్టి లెక్క చెబుతుంది, పంపేవాడు ఆలస్యంగా వచ్చాడా, తీసుకునేవాడు ఆలస్యమా, బ్యారియర్ దగ్గర ఎంత పోయింది, ఇలా. ఫలితం క్యూబ్ అనే విండోలో మూడు నిలువు భాగాలుగా తెరుచుకుంటుంది: ఏ రకం నష్టం, కోడ్‌లో ఎక్కడ, ఏ ప్రాసెస్‌లో. ఎదురుచూపించినవాడిని కూడా పట్టిస్తుంది, ఆలస్యం ఎక్కడ పుట్టిందో వెనక్కి వెళ్లి లెక్కగడుతుంది. నా అప్పటి రెండు వారాలు దీంతో ఒక పూటలో తేలిపోయేవి. అంత మంచిదాన్ని జనం ఎందుకు తక్కువ వాడతారంటే, క్యూబ్‌లో ఉన్నవన్నీ అంకెల చెట్లు, టైమ్‌లైన్ అంత కళగా ఉండదు. కళ కోసం చూడకండి.

రైస్ యూనివర్సిటీ వాళ్ల హెచ్‌పీసీటూల్‌కిట్ మధ్యదారి. శాంపిల్స్ తీస్తుంది కాబట్టి ఓవర్‌హెడ్ తక్కువ, ఆప్టిమైజ్ చేసిన బైనరీ మీదే నడుస్తుంది, ఆ శాంపిళ్లతోనే టైమ్‌లైన్ కూడా కడుతుంది. కోడ్‌లో కూర్చోబెట్టిన కొలత (ఇన్‌స్ట్రుమెంటేషన్) మీ ప్రోగ్రామ్‌ని పాడుచేస్తోందని అనుమానం వస్తే దీనికి మారండి. మెసేజ్ గీతలు మాత్రం ఆశించొద్దు. ఒరెగాన్ యూనివర్సిటీ వాళ్ల టావ్ అనే టూల్‌లో చాలా ఉన్నాయి, దాని త్రీడీ కడ్డీల బొమ్మ స్లైడ్‌లో బాగుంటుంది కానీ ముందున్న కడ్డీలు వెనకవాటిని కప్పేస్తాయి, పనికి నేను వాడను. పాత పుస్తకాల్లో, క్లాసు నోట్సుల్లో జంప్‌షాట్ అనే టైమ్‌లైన్ టూల్ ఉంటుంది, చరిత్రగా చదువుకోండి, ఇవాళ కొత్తగా మొదలుపెట్టే పనికి వద్దు.

జీపీయూ ఉంటే కథ మారుతుంది. ఎన్‌విడియా కార్డులకి ఎన్‌సైట్ సిస్టమ్స్ తప్ప ఇంకోటి ఆలోచించక్కర్లేదు, ఉచితం, సీపీయూ థ్రెడ్లు, డేటా కాపీలు, కెర్నెల్స్ (జీపీయూ మీద నడిచే ఫంక్షన్లు), ఎంపీఐ అన్నీ ఒకే టైమ్‌లైన్‌లో ఒకదానికింద ఒకటి చూపిస్తుంది. అందులో కెర్నెల్స్ మీద కంటే వాటి మధ్య ఖాళీల మీద కన్నుపెట్టండి. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ అనే కమాండ్‌లో జీపీయూ వాడకం 95 శాతం చూసి మోడల్ ట్రైనింగ్ బాగానే నడుస్తోందని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. ఆ అంకెకి అర్థం, ఆ టైమ్‌లో కనీసం ఒక కెర్నెల్ నడుస్తోందని మాత్రమే, కార్డు మొత్తం పనిచేస్తోందని కాదు. మీ కోడ్‌లో దశలకి ఎన్‌వీటీఎక్స్ గుర్తులు నాలుగు పెట్టుకుంటే ఏ ఖాళీ డేటా లోడింగ్‌దో, ఏది చెక్‌పాయింట్‌దో పేర్లతో సహా కనిపిస్తాయి.

ఎంపీఐ లేదు, జీపీయూ లేదు, మీరే రాసుకున్న థ్రెడ్ పూల్ ఉన్న సర్వర్ ప్రోగ్రామ్ అయితే, ఇన్ని పెద్ద టూల్స్ అక్కర్లేదు. ప్రతి పని మొదలైన టైమ్, పట్టిన టైమ్, థ్రెడ్ నంబర్, పేరు, ఇవి క్రోమ్ ట్రేస్ ఫార్మాట్‌లో జేసన్ ఫైల్‌గా రాసుకుని గూగుల్ వాళ్ల పెర్ఫెట్టోలో తెరవండి, బ్రౌజర్‌లోనే టైమ్‌లైన్ వచ్చేస్తుంది. సాయంత్రం మొదలుపెడితే రాత్రి భోజనానికల్లా అయిపోయే పని. ఇంత తక్కువ శ్రమకి ఇంత లాభం ఇచ్చేది ఈ మొత్తంలో ఇంకోటి లేదు.

ఎవరైనా నన్ను ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే టూల్ పేరు చెప్పకముందు ఒక భాగాహారం చేయమంటాను: ఒక్కో ప్రాసెస్ నిజంగా పనిచేసిన టైమ్‌ల సగటుని, వాటిలో అన్నిటికంటే పెద్దదానితో భాగించండి. పైన చెప్పిన నాలుగు థ్రెడ్లకి సగటు 4, పెద్దది 7, అంటే 57 శాతం. అది 95 దాటి ఉంటే పంపకం బాగుంది, ఫ్లేమ్ గ్రాఫ్‌తో లోపలి కోడ్ చూసుకోండి. 80 కంటే తక్కువైతే ఫ్లేమ్ గ్రాఫ్ మీద టైమ్ పెట్టొద్దు, నేరుగా టైమ్‌లైన్‌కి వెళ్లండి. మధ్యలో ఉంటే స్కలాస్కా. ఈ హద్దులు నా అనుభవంలోంచి వచ్చినవి, మీ కోడ్‌ని బట్టి అటూ ఇటూ జరుపుకోండి.

సరిచేశాక పాత ట్రేస్, కొత్త ట్రేస్ పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు మాత్రం స్కేల్ తప్పక కలపండి. కలపకపోతే రెండూ సాగి విండో అంతా నిండుతాయి, వేగం పెరిగిన ప్రోగ్రామ్ కూడా పాతదానిలాగే కనిపిస్తుంది. వ్యాంపిర్‌లో రెండు ట్రేస్‌లని పోల్చే వ్యూ ఉంది, పారావర్‌లో ఒక విండోలోని టైమ్‌ని కాపీ చేసి ఇంకోదాంట్లో పేస్ట్ చేయొచ్చు. ఆ ఫైల్ రాయడం తీసేసిన రోజు మేం అలాగే కలిపి చూశాం. పైన పాత ట్రేస్ విండో చివరిదాకా ఉంది, కింద కొత్తది మధ్యలోనే ఆగిపోయింది, దాని కుడిపక్కన అంతా ఖాళీ.